తుప్పు లేని మేకు

తొంభైల మొదట్లో, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరు వెనక ఆవుపాక బాగుచేస్తుంటే నాన్న అరికాల్లో మేకు దిగింది. అప్పటికి నేను సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు చెరుగుతున్నాను.

"తుప్పు మేకైతే ధనుర్వాతం వస్తాది, పానం పోతాది. ఆస్పత్రికి నడు నాన్నా" అన్నాను.

వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న మేకు పీకి నాకు చూపించాడు. "తుప్పేదిరా? అద్దంలా మెరుస్తంది. ఇనుము సంగతి నాకు సెప్తావేటి?"

కళ్ల ముందు సాక్ష్యం ఉంది కనుక ఆస్పత్రి అక్కర్లేదని ఒప్పేసుకున్నాను. హేతువాదానికి అదే మర్యాద అనుకున్నాను.

మేం వాదించుకున్నంతసేపూ అమ్మ ఆ కాలిని కుళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతూనే ఉంది. "మేకు కొత్తదే. పేడ తొక్కిన కాల్లో దిగింది కదా? నడండి" అంది.

రైల్వే ఆస్పత్రిలో తెలుగు నర్సమ్మ నా తుప్పు సిద్ధాంతం విని నవ్వింది. "తుప్పుతో పనేటి బాబూ? ఆ రోగం మట్టిలో, పేడలో ఉంటాది. గాయం లోతుగా ఉంది. ఇదివరకు సూది ఎప్పుడేసుకున్నారు?"

నాన్నకు గుర్తులేదు.

"అయితే ఇప్పుడే ఎయ్యాల" అని వేసేసింది.

నాన్నను సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టి ఇంటికి తోసుకొస్తుంటే, "నువ్వు ఓడిపోనావురా" అన్నాడు హుషారుగా.

"నువ్వూ ఓడిపోనావు నాన్నా."

"ఓడిపోనోలిద్దరూ బేగి నడండి, పాలు పితకాల" అంది ముందు నడుస్తున్న అమ్మ.