అతిథుల గదిలో అకబా

కెప్టెన్ నాయెఫ్ ఇరవై తొమ్మిదేళ్లుగా విమానాలు నడుపుతున్నాడు. అలాంటివాడు ఒక గురువారం మధ్యాహ్నం పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి, చుట్టాలొస్తే తప్ప తెరవని అతిథుల గదిలో దించాడు. అందులోంచి కంప్యూటర్‌కి తగిలించి తెర మీద విమానం నడిపే పిడి, రెండు పెడళ్లు బయటికొచ్చేసరికి భార్య అబ్లా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఆకాశంలో తిరిగింది చాల్లేదా? ఇంట్లో కూడా మొదలెట్టావా?"

"ఆట కాదు, సాధన."

"నీకా? అమ్మాన్‌లో సగంమంది పైలట్లకి పాఠాలు చెప్పినోడివి!"

నాయెఫ్ వైర్లు విప్పుతూ చెప్పాడు. ఎనిమిదేళ్లుగా అతను నడిపినవన్నీ పెద్ద విమానాలు, దూరప్రయాణాలు. దారంతా కంప్యూటరే చూసుకునేది. నెలకు నాలుగైదు సార్లు తన చేత్తో దించితే గొప్ప. ఇప్పుడు కంపెనీ అతన్ని చిన్న విమానాలకు మార్చి, ఎర్రసముద్రం ఒడ్డునున్న అకబా ఊరికి వేసింది. కొండల మధ్య, గాలి ఎటు తిరిగితే అటు తిరిగి, కళ్లతో చూసుకుంటూ చేత్తో దించాల్సిన రోజులుంటాయక్కడ. శిక్షణలో పాసయ్యాడు. అయినా మనసు కుదుటపడలేదు.

"మరి సాధనకి కంపెనీలో ఇలాంటిదే అంత పెద్ద యంత్రం ఉందిగా?"

"అందులో ఆర్నెల్లకోసారి కూర్చోబెడతారు. వెనకాల ఒకడు కలం పట్టుకుని ఉంటాడు. అక్కడ తప్పు చేస్తే రాసుకుంటాడు. ఇక్కడ తప్పు చేస్తే నువ్వు నవ్వుతావు, అంతేగా!"

నవ్వింది కూడా. మొదటిసారి విమానం రన్‌వే దాటి ఇసుకలోకి దూసుకుపోతే, అబ్లా చేతిలో సేజ్ ఆకు వేసిన టీ ఒలికిపోయేలా నవ్వి, చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పింది. నాయెఫ్ ఏమీ అనుకోలేదు. పిడిలో అసలు విమానం బరువు లేదు, కుర్చీ కుదపదు. కానీ ఎక్కడ తిరగాలి, ఎప్పుడు కిందికి దిగాలి, ఎప్పుడు వద్దనుకుని పైకి లేచిపోవాలి అన్నది కంటికీ బుర్రకీ పట్టించడానికి అది చాలు. తెర మీద గాలి ఎంత జోరుగా వీయాలో పెట్టే పని అబ్లాకు అప్పగించాడు.

"ఎంత పెట్టావో నాకు చెప్పకు," అన్నాడు.

పొద్దున ఏదైనా మాటామాటా వచ్చిందంటే ఆ రోజు అకబాలో తుఫానే.

నెల తిరిగింది. నిజమైన అకబా మీద మిట్టమధ్యాహ్నం ఇసుకగాలి లేచింది. పక్క సీట్లో తమారా అని, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన కోపైలట్. చివరి మలుపులో గాలి విమానాన్ని పక్కకు నెట్టింది. నాయెఫ్ క్షణం కూడా తటపటాయించలేదు.

"వద్దు, పైకి పోదాం."

ఒక చుట్టు తిరిగొచ్చి, రెండోసారి నెమ్మదిగా దించాడు. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

"ఇక్కడికి మీరు కొత్త అన్నారే, కెప్టెన్!" అంది తమారా.

"ఈ నెల్లో అరవైసార్లు వచ్చానమ్మా. మా ఇంట్లోంచి."

ఆమె ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత పకపకా నవ్వింది. "నా మంచం కింద కూడా ఒకటుంది సార్. పెద్ద కెప్టెన్లకి తెలిస్తే, పని రాదేమో అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు."

"నేనూ అదే భయంతో దాచానమ్మా," అన్నాడు నాయెఫ్.

ఆ సాయంత్రం కంపెనీ గదిలో టీ తాగుతూ, ఇంట్లో తన విమానం ఇసుకలోకి దూసుకుపోయిన సంగతి అందరి ముందూ అతనే చెప్పేశాడు. ముందు అందరూ నవ్వారు. తర్వాత ఇద్దరు సీనియర్లు అతన్ని విడివిడిగా పక్కకు పిలిచి, ఆ పెడళ్లు ఏ కొట్లో కొన్నావని అడిగారు.