భిన్నాల పాఠంలో నా గొంతు

“అన్నం సల్లారిపోతాండాది, రాప్పా.”

“నోరు మూసుకోవే! పాఠం వీడియో తీస్తాండాను గదా!”

పుంగనూరు బళ్లో లెక్కల అయ్యవారైన మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలివి. ఆ సాయంత్రమే గుండెనొప్పితో పోయాడు.

ఏడాది తిరిగాక బడివాళ్లు నన్ను పిలిచి, ఆయన పటానికి దండ వేసి, ఆ వీడియోనే టీవీలో పెట్టారు. భిన్నాల లెక్క మధ్యలో మా మాటలు రాగానే పిల్లలంతా నావైపు తిరిగి గొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఆ ముక్క తీసేయండి సారూ,” అని హెడ్మాస్టరును బతిమాలాను.

“తీస్తే లెక్క తెగిపోతాదమ్మా,” అన్నాడు.

ఇప్పుడు ఏటా పిల్లలకు అదే పాఠం. ఆయన నాతో ప్రేమగా అన్న మాట మాత్రం ఏ ఫోనులోనూ లేదు.

నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్నది మా చెల్లెలి కూతురు. “అమ్మీ, ఆయన మంచోడేనని రాసినావా? యాదీ, సదువు, వింటాను.”