పిన్ని పెట్టే టీ పరీక్ష

మా పిన్నికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ముక్కు దాకా వెళ్ళే ఓపిక దానికెక్కడిది, నాలుక మీదే కాపురం పెట్టేసింది. అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీలో సామాన్లు కొనే విభాగంలో ఆవిడకి ఉద్యోగం. టైల్సు వంకరగా ఉన్నాయని ఒకడితో, సిమెంటు తడిసిందని ఇంకొకడితో, ఫ్యాను తన వైపు తిరగట్లేదని పక్క సీటాయనతో పేచీ. ఆఫీసులో అందరూ ఆవిడని పేచీ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, పైగా కాస్త గర్వం కూడా.

ఇలా ఉండగా కంపెనీకి కొత్త నియమం ఒకటి వచ్చి పడింది. కట్టే ఇళ్ళలో పరిచే రాయి దగ్గర్నుంచి బిగించే కిటికీ దాకా ఏదీ మనుషుల్ని కట్టిపడేసి చేయించినది కాకూడదు, సరుకిచ్చే ప్రతి చోటుకీ వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. ఎవరు వెళ్తారు? ఎండలో పడి తిరగాలి, అమ్మేవాళ్ళందరితోనూ చెడాలి. మేనేజరు ఎక్కువసేపు ఆలోచించలేదు. పిన్నిని పిలిచి, ఇంత పెద్ద బాధ్యత మీరు తప్ప ఎవరూ మోయలేరన్నాడట. ఆవిడ గది దాటగానే లోపల అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిన్నికి కారు నడపడం రాదు, నాకు వచ్చు. అలా నా ఖర్మ కాలింది.

తనిఖీ అనగానే అమ్మేవాళ్ళకి ముందే కబురందుతుంది. గదులకి సున్నాలు కొట్టిస్తారు, పరుపులు తెప్పిస్తారు. ఒకచోటైతే పరుపు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. పిన్ని దాని మీద కూర్చుని, యజమాని మాట్లాడుతున్నంతసేపూ కావాలని అటూ ఇటూ కదిలి చప్పుడు చేసింది. ఇక్కడ బాగుందా అని అడిగితే పనివాళ్ళంతా పాఠం అప్పజెప్పినట్టు ఒకే మాట చెప్తారు. అందుకని ఆవిడ అడగడం మానేసింది. ఎవరో ఒకరిని పట్టుకుని, తల పగిలిపోతోంది, గేటు బయట టీ తాగొద్దాం పద అంటుంది. ఆ మనిషి చేతులు దులుపుకుని వెంట వస్తే ఆ చోటు పాసు. యజమాని మొహం వైపు చూసినా, వాచ్‌మన్ తాళంచెవి కోసం తడుముకున్నా ఇక ఆ సరుకు మా సైటు మొహం చూడదు. ఈ ఉపాయం కనిపెట్టింది తనేనని ఆవిడకి ఎంత మురిపెమో. దారి పొడుగునా ఆ దిక్కుమాలిన టీలు తాగలేక నాకు కడుపులో మంట పట్టుకుంది.

ఆ రోజు వెళ్ళింది రాళ్ళకి పాలిష్ పెట్టే యార్డుకి. యజమాని నవ్వు మొహంతో ఎదురొచ్చాడు. పిన్ని నేరుగా షెడ్డులోకి వెళ్ళి, జుట్టంతా రాతిపొడి పట్టిన ఒకావిడని టీకి పిలిచింది. ఆవిడ వెంటనే లేచింది. మేం దగ్గరికి రాకముందే వాచ్‌మన్ గేటు బార్లా తీసి పెట్టాడు. పిన్ని నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది, ఇలా ఉండాలి యార్డంటే అన్నట్టు.

గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు బయట బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ వేడి టీ ఊదకుండానే గుటుక్కున మింగేసింది. పిల్లలెంతమందమ్మా అని పిన్ని కబుర్లలోకి దింపింది. ఒక్కతే కూతురట, తొలికాన్పట, నెలలు నిండాయట, నేడో రేపో అన్నట్టుందట. మరి ఇక్కడేం చేస్తున్నావమ్మా, వెంటనే బయల్దేరు అంది పిన్ని. వెళ్తానని ఆవిడ లేచి, తిన్నగా యార్డు వైపు నడిచింది. బస్టాండు ఇటమ్మా అని పిన్ని నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

“మా ఆయన లోపలున్నాడమ్మా. నేను బయటికొస్తే ఆయన్ని ఉంచుతారు, ఆయనొస్తే నన్ను. ఇద్దర్నీ కలిపి ఎప్పుడూ వదల్లేదు. మీరొస్తే గేటు తీసి పెట్టమని నిన్ననే చెప్పారు.”

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మేవాళ్ళందరికీ ఆవిడ టీ సంగతి ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట. పరీక్ష పెట్టేది తనే, తప్పింది కూడా తనే. నాకు జాలేసింది, అదీ మా పిన్ని మీద!

ఆ జాలిని పిన్ని అట్టే సేపు నిలవనివ్వలేదు. ఆవిడని వెంటబెట్టుకుని లోపలికెళ్ళి, మీ గేటు ముందు కొట్టు టీ అమోఘమండీ, ఈవిడ మొగుణ్ణీ పిలవండి, అందరం కలిసి ఇంకోటి తాగుతాం అంది. యజమాని ఒప్పుకోలేదు. అతను మెషీను మీదున్నాడట, మధ్యలో రాకూడదట. వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే గేటు మూయడం మొదలెట్టాడు. పిన్ని నన్నొక్క కేక వేసి, కారు తెచ్చి గేటు మధ్యలో పెట్టమంది. పెట్టాను. తాళాలు లాక్కుని జాకెట్లో వేసేసుకుంది. ఇక వాటిని తీసే మొనగాడెవడు?

లోపల మా సైటుకి రావాల్సిన రాళ్ళ లారీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరు హారను మీద చెయ్యి తీయలేదు. పిన్ని ముందు కార్మిక శాఖ ఆఫీసరుకి, తర్వాత మేనేజరుకి ఫోన్ చేసింది. ఆ రాయి రాకపోతే పని ఆగిపోతుందని మేనేజరు మొత్తుకున్నాడు. వస్తే దాని వెనకే పోలీసులూ వస్తారు, వాళ్ళకి కుర్చీలు వేసి ఉంచండి అంది పిన్ని. ఆయన కాసేపు గొణిగి, ఆర్డరు ఆపేశానని యజమానితో చెప్పమన్నాడు. ఆయన్ని మొదటిసారి మెచ్చుకున్నాను.

యజమాని నవ్వు అక్కడితో ఆరిపోయింది. పనివాళ్ళ గుర్తింపు కార్డులన్నీ ఆయన బీరువాలోనే ఉన్నాయి, భద్రం కోసమట.

“వీళ్ళని సొంత మనుషుల్లా చూసుకుంటాం మేడమ్.”

“సొంత మనుషులైతే కూతురి పురిటికి పంపరా?”

జీపులో ఆఫీసరు దిగాక బీరువా తెరుచుకుంది. పనివాళ్ళతో ఆయన విడివిడిగా మాట్లాడాడు, యజమానిని దరిదాపుల్లోకి రానివ్వలేదు. చాలామంది అప్పటికప్పుడే మూటలు కట్టుకున్నారు. మొగుడూ పెళ్ళాల్ని నా కారులో ఎక్కించుకుని బస్టాండుకి తీసుకెళ్ళాం. నా ఫోన్ నుంచి కూతురితో మాట్లాడారు. నొప్పులింకా మొదలవలేదట.

బస్సు రావడానికి ఇంకా టైముంది, నీళ్ళ సీసా తెస్తానని అతను లేచాడు. ఆవిడ చటుక్కున అతని చొక్కా పట్టుకుంది. కొట్టు ఎదురుగానే ఉంది, అరిస్తే వినబడేంత దూరంలో. అయినా మూట చంకలో పెట్టుకుని తనూ లేచింది. ఒక్క సీసా కోసం ఇద్దరూ వెళ్ళారు, ఇద్దరూ వచ్చారు.

పిన్ని ఏడుస్తోంది. ఎవరన్నా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడుస్తోంది.

“బాగుందని నేను వదిలేసి వచ్చిన చోట్లలో ఇంకెంతమంది లోపలుండిపోయారో” అంది.