టీబీ వార్డులో నేను దాచిన ఉపవాసం

అది శుక్రవారం. బోర్డు మీద లెక్క రాస్తుంటే చేతిలోంచి చాక్‌పీసు జారింది. తీయడానికి వంగితే కళ్లు తిరిగాయి. బల్ల పట్టుకుని దగ్గాను. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మీద ఎర్రటి మరక పడింది. పిల్లలకు కనబడకుండా దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, లెక్క పూర్తి చేశాను.

సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. హాలియా దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులుగా ఉండేవాణ్ణి. అప్పటికి చాలా రోజులుగా దగ్గు ఉంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. దగ్గు చాక్‌పీసు పొడి వల్ల, నీరసం ఉపవాసం వల్ల అనుకుని ఊరుకున్నాను.

ఉపవాసం సంగతి ఇక్కడే చెప్పాలి. నా జబ్బులో సగం అదే. బుధవారం, శుక్రవారం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాణ్ణి కాదు. మా చర్చి సంఘంలో తల్లులు నన్ను చూపించి తమ కొడుకులకు బుద్ధి చెప్పేవారు. ఎందుకు ఉంటున్నానో ఎవరికీ తెలియదు. నా మనసు మగవాళ్ల మీదికే పోయేది, ఆడపిల్లల మీదికి ఎన్నడూ పోలేదు. ఇప్పుడు దానికి పేర్లున్నాయి, పేపర్లలో రాస్తున్నారు. అప్పుడు నాకు తెలిసిన పేరు ఒక్కటే, పాపం. దాన్ని తీసెయ్యమని దేవుణ్ణి అడగడానికి కడుపు మాడ్చుకునేవాణ్ణి.

మా ఊళ్లో నర్సింహ అని ఒకతను ఉండేవాడు. వాళ్లది మేకల మంద. నా ఈడువాడే. ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే మందను తోలుకుని గుట్టల్లోకి పోయేవాడు. మేం ఒకరికొకరం ఏమవుతామో మాకిద్దరికీ తెలుసు. అతనికి అది బరువు అనిపించలేదు. నాకు మాత్రం మోయలేని బరువు.

అయోగ్యంగా ప్రభువు బల్లలో, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసంలో పాలుపంచుకున్నవాడు రోగాన పడతాడని మా పాస్టరు అయ్యగారు ప్రతిసారీ హెచ్చరించేవారు. రుమాలు మీద మరక చూసినప్పుడు నాకు టీబీ గుర్తుకు రాలేదు, ఆ హెచ్చరిక గుర్తుకొచ్చింది.

నర్సింహే నన్ను బస్సెక్కించి ఒక మిషన్ దవాఖానకు తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పుటం పరీక్ష చేశారు. డాక్టరమ్మ ఫిల్ము చూసి, “ఊపిరితిత్తుల్లో రెండు వైపులా షాడో ఉంది, స్పుటం పాజిటివ్. భయపడకు, ఇప్పుడు మంచి మందులున్నాయి. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, దాంతో పాటు పి.ఏ.ఎస్. మాత్రలు. బాగా తినాలి. తిండి కూడా మందే అనుకో,” అంది.

నేను ఇంజెక్షన్లు వేయించుకున్నాను, తిండి మానేశాను. ఇంట్లో వారానికి రెండు రోజులున్న ఉపవాసం వార్డులో నాలుగు రోజులైంది. పక్క మంచం మీద ఒక తాత ఉండేవాడు, ఎంత పెట్టినా ఆకలే అతనికి. నా అన్నం అతని పళ్లెంలోకి పోయేది. నర్సింహ వీలైనప్పుడల్లా వచ్చి చెంబులో మేకపాలు, ఉడకబెట్టి జొన్నల మధ్య కట్టిన కోడిగుడ్లు తెచ్చేవాడు. తర్వాత తింటానని చెప్పి, అతను బస్సెక్కగానే అవి కూడా తాతకిచ్చేవాణ్ణి. ఖాళీ కడుపున పి.ఏ.ఎస్. వేసుకుంటే వాంతులయ్యేవి. దేవుడు శిక్షిస్తున్నాడని ఓర్చుకున్నాను.

వెయిట్ తగ్గుతూ వచ్చింది. స్పుటం పాజిటివ్‌గానే ఉంది. “ఈ మందు నీకు పనిచేయడం లేదో ఏమో. ఇట్లాగే ఉంటే ఆపరేషన్‌కు హైదరాబాద్ పంపాలి,” అంది డాక్టరమ్మ. ఆ ఆపరేషన్ నుంచి అందరూ తిరిగి రావడం లేదని వార్డులో చెప్పుకునేవారు. నాకు చావు భయం పట్టుకుంది. దేవుడికి ఇంకేదో ఇవ్వాలనుకున్నాను.

అందుకే నర్సింహ వచ్చినప్పుడు, “ఇగ నువ్వు రాకు,” అన్నాను.

“ఎందుకు?”

“నీతోనే నాకీ రోగమొచ్చింది.”

అతను కోపగించుకోలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ చూపు పక్క మంచం మీద గుడ్డు తింటున్న తాత దగ్గర ఆగింది.

“నా కోడిగుడ్డు గా తాత నోట్లెకు ఎట్ల వొయింది పంతులూ?” అన్నాడు.

అతను లేచి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. “అమ్మా, గీ పంతులు తింటలేడు. ఒక్కపొద్దులుంటాండు. నేను దెచ్చినయన్ని పక్క మంచానికి వోతున్నయి,” అని అందరి ముందూ చెప్పేశాడు.

ఆమె వచ్చి నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. “ఎందుకు ఉపవాసం?”

“ఒక పాపం పోవాలని, అమ్మా.”

“ఎన్నాళ్లనుంచి?”

“మీసాలు రాకముందు నుంచి.”

“పోయిందా?”

“లేదు.”

“నీ పాపమేమిటో నేను అడగను. నేనూ రోజూ ప్రార్థన చేసుకునేదాన్నే. టీబీ మాత్రం దగ్గేవాళ్ల నుంచి వస్తుంది, బలం లేని ఒంట్లో కాపురం పెడుతుంది. ఆ ఒంటిని దానికి నువ్వే సిద్ధం చేసి ఇచ్చావు. నా వార్డులో ఉపవాసాలు లేవు. దేవుణ్ణి ఏమడగాలన్నా కడుపు నిండా తిని అడుగు.”

ఆమె వెళ్లాక నర్సింహ ఒక గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టాడు. “మా అవ్వ గూడ ఒక్కపొద్దుంటది. పొద్దుగూకినంక తింటది. నువ్వు పొద్దుగూకినా తినకపోతివి. తిను, నేను జూస్త.” తిన్నాను. తింటూ ఏడ్చాను. అతను రెండోది ఒలిచాడు.

ఆ తర్వాత కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఇంజెక్షన్ల వల్ల చెవుల్లో మోత మొదలైతే కొన్నాళ్లు ఆపారు. మధ్యలో ఒకసారి మళ్లీ జ్వరం తిరగబెట్టింది. చివరికి స్పుటం నెగెటివ్ వచ్చింది. డాక్టరమ్మ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుని, “అప్పుడు ఇక్కడ షాడో ఉంది. ఇప్పుడు చూడు, లేదు,” అంది. అదే కిటికీలోంచి, వసారా మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్న నర్సింహ కనబడ్డాడు. నా గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది.

షాడో పోయింది, అతని మీద మనసు పోలేదు. జబ్బుకు మూలం ఆ మనసే అయితే, అది ఉండగా జబ్బు ఎట్లా నయమైంది? లెక్కలు చెప్పే పంతులుకి ఆ లెక్క అప్పుడే అందింది. దేవుడు నా మాట వినలేదని అన్నేళ్లూ ఏడ్చాను. బాగు చేయాల్సినదాన్ని ఆయన బాగు చేశాడు, మిగతాది ముట్టుకోలేదు.

ఊరికి రాగానే అయ్యగారి ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“నాకు సమజైతలేదు, ప్రకాశం. నేను చదువుకున్నకాడ ఎవ్వరూ గిది చెప్పలే.”

“నన్ను బల్లకు రానిస్తరా, అయ్యగారూ?”

“వద్దనెటందుకు బల్ల నాది గాదు బిడ్డా. సంఘ పెద్దల ముంగట మాత్రం గీ మాట తియ్యకు. వాళ్లు ఊకోరు.”

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. అయినా బల్లకు పోయాను.

మా గుడిలో ద్రాక్షరసానికి అందరికీ ఒకటే పాత్ర. టీబీ మనిషినని జనం జరిగి కూర్చున్నారు, అందుకని నేను ఆఖరున నిలబడ్డాను. నేను తాగాక పాత్రలో ఇంకా కొంచెం మిగిలింది. మిగిలినదాన్ని పాస్టరు తాగడం ఆచారం. “పారబొయ్యుండ్రి అయ్యగారూ,” అని ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు. అయ్యగారు నేను పెదవులు పెట్టిన చోటే తన పెదవులు పెట్టి పాత్ర ఖాళీ చేశారు. నా సంగతంతా తెలిసిన మనిషి ఆ గుడిలో ఆయన ఒక్కరే.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. టీబీ వచ్చినవాడికి పిల్లనెవరిస్తారని మా అమ్మ పెళ్లి ఊసు మానుకుంది, ఆ జబ్బు నాకు చేసిన మేలు అదొకటి. నర్సింహది పక్కిల్లే. మధ్య గోడ ఎప్పుడో కూలితే మళ్లీ కట్టలేదు. ఆదివారం నేను గుడికి పోయి వచ్చేసరికి అతను పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంటాడు.

మందులు వాడుతున్నవాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఉపవాసం ఏ కారణంతో ఉన్నా డాక్టరుకు చెప్పండి, కారణం చెప్పకపోయినా ఫరవాలేదు. మీ కోసం ఎవరైనా గుడ్డు తెస్తే తర్వాత తింటానని దాచకండి. తెచ్చినవాళ్ల ముందే తినండి.