తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగమన్న టీచరమ్మ

మా వెనక వీధి టీచరమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆరాంఘర్ దగ్గర, కదలని బస్సులో నిలబడి ఉన్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని నీళ్లు అడిగిందట. కోడలు గ్లాసు తెచ్చేలోపే తల పక్కకు వాలిపోయింది.

నేను ముందు అడిగింది ఎట్లా పోయిందని కాదు, ఎక్కడ పూడుస్తున్నారని. అమ్మ, "ఊర్లె గాదంట. కందుకూరు దిక్కు ఏదో చర్చోళ్లు జాగ ఇస్తమన్నరంట" అంది.

టీచరమ్మ అత్తగారి ఊరు మహేశ్వరం అవతల. భర్త సమాధి అక్కడి సమాధుల తోటలో ఉంది. ఆయన పక్కనే తనకూ చోటు ఉంచుకుంది. ఆ చోటు ఆమెకు దక్కకపోవడానికి కారణం నేను ఒక కాగితం మీద రాసిన ఒక్క మాట. బతికున్నన్నాళ్లూ ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది మాత్రం నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

శంషాబాద్ పాత బస్తీలో సగం మంది ఆమె అంగన్‌వాడీలో గుడ్డు తిని పెరిగినవాళ్లే. జనాభా లెక్కలొచ్చినా, ఓటర్ల లిస్టు వచ్చినా ఆమే సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. విమానం నెత్తిమీదుగా పోతుంటే మాట మధ్యలో ఆపేది. చప్పుడు పోయాక సరిగ్గా ఆపిన చోటి నుంచే అందుకునేది. అట్లా ఆగిపోయిన క్షణాల్లో ఆమె ఎదుటివాళ్ల ముఖాలు చదివేదని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

నాలుగేళ్ల కిందట మన రాష్ట్రంలో రిజిస్టరైన సంఘాలూ ట్రస్టులూ ఎన్ని, వాటిలో బతికున్నవి ఎన్ని అని తేల్చడానికి ఒక ఆఫీసు సర్వే మొదలుపెట్టింది. జట్టుకు ఇద్దరు. ఒకరు చదువుకున్నవాళ్లు, ఇంకొకరు ఊళ్లు తెలిసినవాళ్లు. ఎమ్మే చదివి, రెండు ఉద్యోగాలు మానేసి, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ కూర్చున్న నన్ను అమ్మే టీచరమ్మకు అప్పజెప్పింది. "జర దీన్ని బయట తిప్పు టీచరమ్మా, లేకుంటే నన్ను పిచ్చిదాన్ని జేస్తది" అంది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "చెప్పులు మార్చుకోని రా. గవి ఫంక్షన్ చెప్పులు" అంది. మా పరిచయం అట్లా మొదలైంది.

ఆఫీసువాళ్లు ఇచ్చిన జాబితా దిండంత లావు ఉంది. ఇన్ని సంఘాలు మన చుట్టూ ఉన్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. యువజన సంఘాలు, మహిళా మండళ్లు, గుడి కమిటీలు, చర్చి సొసైటీలు, ప్లాట్ల యజమానుల సంక్షేమ సంఘాలు, వికలాంగుల సంఘం, వీధికుక్కలకు అన్నం పెట్టే ట్రస్టు. ఒకే కులానికి ఒకే వీధిలో రెండు సంఘాలు కూడా కనబడ్డాయి. మొదటిదాంట్లో అధ్యక్షుడి కుర్చీ ఒక్కటే ఉండడం వల్ల రెండోది పుట్టిందని టీచరమ్మ తేల్చింది.

ఏ గడపకు వెళ్లినా ఆమె ముందు మంచినీళ్లు అడిగేది. సంచిలో సీసా నిండుగా ఉన్నా సరే. నీళ్లు తెచ్చినవాళ్లతోనే కబుర్లు మొదలయ్యేవి. అధ్యక్షులూ కార్యదర్శులూ మాట్లాడితే గోడమీది ఫొటోలు చూస్తూ ఊ కొట్టేది. ఒక వృద్ధాశ్రమంలో నిర్వాహకుడు మాకు అవార్డులన్నీ చూపించాడు. ఈమె మాత్రం నేరుగా వంటింట్లోకి వెళ్లి, పప్పు గిన్నె మూత తీసి చూసి, "మంచిగనే ఉడికింది, రాస్కో" అంది నాతో.

ఎయిర్‌పోర్టు రోడ్డులో గ్రానైట్ బోర్డూ, ఏసీ గదీ ఉన్న ఒక సంక్షేమ సంఘానికి వెళితే అక్కడ వాచ్‌మన్ తప్ప మనిషి లేడు. సంఘం వాళ్లు ఎప్పుడు వస్తారంటే, తను చేరాక ఎవరూ రాలేదన్నాడు. ఆ మర్నాడే, బోర్డు కూడా లేని ఒక యువజన సంఘం కోసం వెతికాం. ఎప్పుడో వాలీబాల్ ఆడడానికి పెట్టుకున్నదట. సభ్యులంతా ఇప్పుడు క్యాబ్‌లు నడుపుతున్నారు. ఎవరికి రక్తం కావాలన్నా టీ కొట్టువాడికి చెబితే చాలు, డ్యూటీ దిగినవాళ్లు దవాఖానకు పోతారు. నేను కలం పట్టుకుని తటపటాయిస్తుంటే టీచరమ్మ చిరాకుపడింది. "ఏంది సోంచాయిస్తున్నవ్? పిలిస్తే వస్తున్నరా లేదా? ఉన్నట్టే."

ఫారం చివర రెండు గళ్లు ఉండేవి. పనిచేస్తున్నది, పనిచేయడం లేదు. రెండో గడి నింపాలంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది. ఒక్కో చోటికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వేరే వారం ఇంకోసారి తిప్పేది. మూసిన తలుపు ముందు నేను విసుక్కుంటే, "తాళం చూసి రాయకు పిల్లా. తాళంచెవి ఎవరి దగ్గరున్నదో అడిగి రాయి" అనేది. నాకు నవ్వొచ్చేది. ఈ లెక్కన ఈ సర్వే నా పెళ్లయి పిల్లలు పుట్టినా తెమలదని అంటే, "ముందుగాల పెండ్లికి ఒప్పుకో, సర్వే సంగతి నేను చూసుకుంట" అనేది.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను.

సర్వే చివరి వారంలో ఆమెకు మోకాళ్లు వాచాయి. మహేశ్వరం అవతలి ఊళ్లకు నేనొక్కదాన్నే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, ఆటో దొరక్క, తిక్కతో ఉన్నాను. జాబితాలో ఒక సేవా సంఘం ఉంది. చిరునామా పట్టుకుని పోతే, కొత్త లేఅవుట్ పక్కన ముళ్లచెట్ల మధ్య రేకుల షెడ్డు, తుప్పుపట్టిన తాళం. చుట్టూ మనిషి లేడు. ఊళ్లోకి నడిచి అడగాలంటే ఇంకో కిలోమీటరు. నేను అడగలేదు. గోడ నీడలో నిలబడి "పనిచేయడం లేదు" గడిలో టిక్కు పెట్టాను. మూడుసార్లు వెళ్లినట్టు మూడు వేర్వేరు తేదీలు కూడా వేశాను.

ఫారాల మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. మంచంలో పడుకునే ఆమె కట్ట మొత్తం అందుకుంది. అద్దాల కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నువ్వు పోయొచ్చినవు గదా, ఇగ నేనేం జూడాలె" అంటూ ఒక్కోటీ తిప్పి సంతకాలు పెట్టింది. ఆ షెడ్డు ఆమె అత్తగారి ఊరి సమాధుల తోట కమిటీదని నాకు తెలియదు. పాడె కర్రలూ, గడ్డపారలూ పెట్టుకునే షెడ్డు అది; తోట ఆ ముళ్లచెట్ల వెనక ఉంది, నేను అటు తొంగి చూడలేదు. ఊళ్లో ఎవరైనా చనిపోతే గంటలో పదిమంది వచ్చి దాన్ని తెరుస్తారు. ఎవరూ చనిపోకపోతే అది మూసే ఉంటుంది.

తర్వాత ఏడాదికి ఆ జాబితా ఆధారంగా పనిచేయని సంఘాలకు నోటీసులు వెళ్లాయి. ఆ గడువులో ఊళ్లో ఎవరూ పోలేదు, తోట కమిటీ నోటీసు షెడ్డు తలుపు కిందే ఉండిపోయింది. జవాబు రాలేదు కాబట్టి కమిటీ పేరు కొట్టేశారు. పక్క లేఅవుట్ వాళ్లు పేరు కొట్టేసిన ఆ కాగితం తెచ్చి, తోటకు దిక్కెవరూ లేరంటూ చుట్టూ కంచె వేసి వాచ్‌మన్‌ను పెట్టారు. ఊరివాళ్లు గొడవపడ్డారు. సంగతి తేలేదాకా పాత సమాధులు చూసి రావచ్చు గానీ కొత్తగా ఎవరినీ పూడ్చొద్దని మాటైంది.

కమిటీ పెద్ద, టీచరమ్మకు వరసకు మరిది, ఆ ఫారం నకలు సంపాదించి ఆమె ఇంటికి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆమెతో కలిసి చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆయన గడప దాటి లోపలికి రాలేదు.

"వదినా, అన్న పండుకున్న తోటనే లేదని రాసినవా? గిది నీ సంతకమే గదా?"

ఆమె అద్దాలు పెట్టుకుని చూసింది. తేదీలు చూసింది, చేతిరాత చూసింది. పైన ఏదో విమానం పోతోంది. అది పోయేదాకా ఆగి, నా వైపు తిరగకుండానే, "నాదే తమ్మీ. తప్పయింది" అంది.

"మూడుసార్లు వచ్చినట్టు గూడ రాసినవు. తోవ మర్చిపోయినవా, మమ్ములనే మర్చిపోయినవా?"

ఆమె కాగితం మడిచి ఆయనకు తిరిగిచ్చింది. నేను చిక్కుడుకాయల గిన్నెలో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చున్నాను. ఆయన వెళ్లిపోయాక నాకు ఏడుపొచ్చింది. ఆమె తిట్టలేదు. "దినాము తెరిచి ఉండాల్నంటే ఊర్లె దినానికొకరు పోవాలె పిల్లా. గా షెడ్డు మూసుంటేనే అందరం మంచిగున్నట్టు" అని మాత్రం అంది. అన్నీ ఆయనకు చెప్పేస్తానంటే వద్దంది. దొంగ తేదీలు వేసినట్టు తేలితే నాకింకెక్కడా పని ఇవ్వరనీ, తనకిప్పుడు కొత్తగా ఎవరూ ఇచ్చేదేమీ లేదనీ నచ్చజెప్పింది. నాకు కావలసిన మాట అదే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

సరిచేయమని ఇద్దరం అర్జీ పెట్టాం. ఆ మోకాళ్లతో ఆమె నాతో నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కింది. తర్వాత నాకు కాటేదాన్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆఫీసుకు వెళ్లడం తగ్గింది, తర్వాత మానేశాను. వీధిలో ఎదురైనప్పుడు, "గా కాగితం కదిలిందా బిడ్డా?" అని అడిగేది. కదులుతుందనేదాన్ని. చివరి రోజుల్లో అడగడం మానేసింది. నాకు అది హాయిగా ఉండింది. ఇంతకంటే సిగ్గుపడాల్సిన మాట నా దగ్గర లేదు.

కందుకూరు దగ్గర మట్టి ఇచ్చేటప్పుడు ఆ మరిది కూడా వచ్చాడు. అందరికంటే వెనక, గోడవారగా నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లి, ఆ ఫారం రాసింది నేననీ, తేదీలు కూడా నావేననీ, ఆమె చూడకుండా సంతకం పెట్టిందనీ చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. ఆయన అక్కడే నేలమీద కూర్చున్నాడు.

"గిప్పుడు చెప్తున్నవా?" అన్నాడు. "రెండేండ్లాయె నేను వదినెతోటి మాట్లాడక. క్రిస్మస్‌కు కబురు పెడితె గూడ పోలే."

నేనూ ఆయన పక్కన మట్టిలో కూర్చున్నాను. గుంట నింపడం అయిపోయి అందరూ వెళ్లిపోయాక కూడా మేం అట్లాగే ఉన్నాం.

మొన్న సెలవు పెట్టి, జరిగింది జరిగినట్టు రాసి, నా పేరుతో సంతకం చేసి ఆఫీసులో ఇచ్చాను. దానివల్ల నా ఉద్యోగం పోతుందేమో తెలియదు. కంచె ఊడుతుందో లేదో కూడా తెలియదు. నకలు ఆయనకిద్దామని ఊరికి వెళ్లాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, రమ్మని చెయ్యూపి ముందు నడిచాడు. వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి వదిలాడు.

తోటలో టీచరమ్మ భర్త సమాధి మీద వెడల్పాటి నల్లరాయి ఉంది. ఎడమ సగంలో ఆయన పేరూ, ఒక బైబిల్ వాక్యమూ చెక్కి ఉన్నాయి. కుడి సగం నున్నగా, ఖాళీగా ఉంది. అట్లా వదిలేయమని ఆమే దగ్గరుండి చెప్పిందట. పక్కన లేఅవుట్‌లో జేసీబీ నేల చదును చేస్తోంది, ఆ ఎర్రదుమ్ము రాయంతా పరుచుకుని ఉంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, వంగి, ఖాళీ సగాన్ని మాత్రం తుడవడం మొదలుపెట్టాడు.