మంత్రిగారి దండ, నా డిగ్రీ

మద్రాసులో బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, ఈ రోజే నెల్లూరు ఆసుపత్రిలో చేరాను. ఏం నేర్పించారని పెద్ద డాక్టరుగారు అడిగితే, వార్డు నడపడం, కొత్త నర్సులకు పాఠం చెప్పడం, పల్లెల్లో బాలింతలకు జాగ్రత్తలు చెప్పడం అన్నాను.

"మంచిదేలే. సాయంత్రం మంత్రిగారొస్తున్నారు. ఇంగ్లీషొచ్చినదానివి, దండ నువ్వే వేయమ్మా" అన్నారు.

మంత్రిగారు మెట్లెక్కుతుండగా, తోటపల్లి గూడూరు నుంచి వచ్చిన బాలింతకు రక్తస్రావం మొదలైందని ఆయా అరిచింది. దండ డాక్టరుగారి చేతిలో పెట్టి పరుగెత్తాను. పొత్తికడుపు నొక్కి పట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం ఆగేదాకా కదల్లేదు.

"నా బిడ్డను బతికించినావు తల్లీ" అని బాలింత తల్లి ఏడ్చింది.

బయటికొచ్చేసరికి డాక్టరుగారు మంత్రిగారికి సర్దిచెబుతున్నారు. "ఏమనుకోబాకండి. కొత్తమ్మాయి, ఇంకా పని తెలియదు."

ఏ పనో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేర్చుకుంటాను.