పొయ్యిమట్టిలో దిగిన బాణం

మా చిన్నప్పుడు... అరవై తొమ్మిదిలో, మొదటి తెలంగాణ కొట్లాటకు సిద్దిపేట బడులన్నీ మూతపడ్డాయి. పెద్దలు బజార్లో ఊరేగింపు తీస్తే మేం గల్లీలో తీసేవాళ్లం.

మా లొల్లి ఒక్కటే... ముందు నడిచి "జై" అని అరిచేది ఎవరు? మస్తాన్ పొట్టివాడని రోజూ తోకకు నిలబెట్టేవాళ్లం. ఒకరోజు వాడు ఎదురు తిరిగాడు. ఎవరి వింటికి బలం ఎక్కువో వాడే ముందు నడవాలన్నాడు.

సరేనన్నాం. నాది వెదురు విల్లు, సుతిలి తాడు. కల్లుగీసే ఇంటి రాజేశంది ఈతమట్ట. మస్తాన్ వాళ్ల నాయిన దూది ఏకేవాడు, దూది ఏకే వింటి నుంచి ఆయన విప్పి పారేసిన నరం తాడు వాడి వింటికి. బాణం మాత్రం ముగ్గురికీ ఒక్కటే, మొన చెక్కిన తుమ్మపుల్ల.

బలం కొలిచేదెట్లా? మా అవ్వ కొత్త పొయ్యికని పిసికి పెట్టుకున్న మట్టిలోంచి ఒక ముద్ద లేపుకొచ్చి మట్టిగోడకు కొట్టాను. బాణం ఎంత లోతు దిగితే అంత బలం...

నాది మూడు వేళ్లు దిగింది. రాజేశంది రెండే.

"నీ వేళ్లు పుల్లలు, గందుకే మూడైనయి. నా వేళ్లతోని కొలువు" అన్నాడు రాజేశం. ఈ పంచాయితీ ఎండ నడినెత్తికొచ్చేదాకా నడిచింది.

అప్పుడు మస్తాన్ కొట్టాడు. తాడు ఝుమ్మంది... బాణం ముద్దకు తగిలి కింద పడింది.

"నీ విల్లు పరుపుల దూది ఏకనీకే పనికొస్తది. పోయి తోకకు నిలబడు" అన్నాను.

వాడు ఏడవలేదు. బొటనవేలితో ముద్దను నొక్కి చూశాడు. "మీకు మట్టి, నాకు ఇటుకనా? ఎండిపోయింది కండ్లవడ్తలేదా" అన్నాడు.

నిజమే. వేళ్ల గొడవలో ఎవరమూ చూసుకోలేదు. ఇంతలో మట్టి వెతుక్కుంటూ అవ్వ వచ్చింది. నా చెవి పిండుతూనే సంగతంతా విన్నది.

"తడిపి మల్ల కొట్టున్రి. ఓడినోళ్లు నాకు పొయ్యి ఏసియ్యాలె" అన్నది.

నీళ్లు పోసి పిసికి మళ్లీ కొట్టాం. మా ఇద్దరివీ ముందటి లోతే. మస్తాన్ బాణం ముద్దను దాటి గోడలో దిగబడింది. రాజేశం రెండు చేతులా లాగినా రాలేదు.

పొయ్యి వేసి, మట్టి చేతులతోనే తోకకు నడిచాం. ముందు మస్తాన్... వాడి అరుపుకు చాయ్ హోటల్ కాడి పెద్దమనుషులు కూడా "జై" అన్నారు. అప్పుడు వాడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసిన చూపు ఏ లీడరుకూ రాదు.

ఇప్పుడు మా చిన్న మనవడు కంప్యూటర్లో బాణాలు కొడతాడు. ఎంత బలంగా తగిలిందో అంకె అదే చూపిస్తుంది. రోజూ గెలుస్తాడు... గెలిచినవాడి వెనక నడిచేవాళ్లే లేరు. మీ గల్లీలో ముందు నడిచింది ఎవరో చెప్పండి. మీరేనని మాత్రం కోతలు కోయకండి.